బుధవారం రెండింటికి మాక్రిల్

"రెండు నిమిషాలు ఆలస్యం," అంది ఆ అమ్మాయి, నేను తలుపు తీసీ తీయగానే.

స్వీడన్‌లోని మా గోతెన్‌బర్గ్‌లో ముక్కూమొహం తెలియని మనిషిని అంతకన్నా పెద్ద మాట అనడం కుదరదు. గోడ గడియారం చూశాను. రెండు గంటల రెండు నిమిషాలు. నా జుట్టులోంచి వాన నీళ్ళు కారి తివాచీ మీద పడుతున్నాయి.

"క్షమించు. పళ్ళ డాక్టరు దగ్గర ఆలస్యమైంది," అన్నాను. సగం మూతికి ఇంకా మత్తు దిగలేదు. ఏమన్నానో నాకే సరిగా తెలియలేదు.

"సరే, వచ్చి కూర్చో," అంది, పోనీలే పాపం అన్నట్టు.

కూర్చున్నాను. ఎర్ర స్వెట్టరు, కనుబొమల దాకా కత్తిరించిన జుట్టు, ముక్కు మీద గోధుమరంగు చుక్కలు. ఎన్ని ఉన్నాయా అని లెక్క మొదలుపెట్టి ఐదు దాకా వచ్చేసరికి ఆమె నా వైపే చూస్తోంది. నేను గబగబా కిటికీలోంచి నదిని చూశాను.

మా కంపెనీ పెద్దది. నది ఒడ్డున మూడు భవనాలు, నాలుగువేల మంది మనుషులు. ఓడలూ రేవులూ లారీలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. అందులో నా వంతు ఒక బటన్. "పంపు" అనే ఆ బటన్ తెర మీద కుడిపక్కన ఉండాలా, ఎడమపక్కన ఉండాలా అన్నది నేను చేరకముందు నుంచీ తేలుస్తున్నారు. కుడిపక్కన ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ఎడమపక్కన ఉన్నా లేదు. అందుకే తేలడం లేదు.

ఉద్యోగంలో చేరిన రోజు నాకన్నా ముందున్నవాడి కుర్చీతో బాటు అతని మీటింగులు కూడా నాకు సంక్రమించాయి. వారానికి ఇరవై మూడు. అందులో ఒకటి ఇది. బుధవారం రెండింటికి, వింగా గదిలో, "మాక్రిల్ సమన్వయం". మా దగ్గర గదులకి దీవుల పేర్లు, ప్రాజెక్టులకి చేపల పేర్లు పెడతారు. మాక్రిల్ అనే చేపని నేను బోలెడుసార్లు తిన్నాను. మాక్రిల్ అనే ప్రాజెక్టు ఏమిటో మాత్రం తెలీదు. చేరిన మొదటి వారంలో అడిగితే ఎవరైనా చెప్పేవారు. మిగతా మీటింగులతో తీరిక లేక ఆరు వారాలయ్యాక మొదటిసారి దీనికి వచ్చాను. అప్పటికి అడగడానికి మొహం చెల్లలేదు.

"నా పేరు మెల్కర్. మూడో అంతస్తు," అన్నాను.

"వెండేలా. నాలుగో అంతస్తు, రేవుల విభాగం." ఆమె ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, గొంతు సవరించుకుంది. "అయితే, మీ వైపు ఎలా ఉంది?"

"మా వైపు..." జేబులో పెన్ను వెతుక్కున్నాను. "ముందుకే వెళ్తోంది. కాస్త నెమ్మదిగా."

"నెమ్మదిగా వెళ్ళడమే మంచిది."

"మీ వైపు?"

"మేం మీ వైపు నుంచి వచ్చేదాని కోసం చూస్తున్నాం."

అంటే నేను ఏదో పంపాలన్నమాట.

"వచ్చే వారానికల్లా..." అని మొదలుపెట్టాను.

"తొందరేం లేదు," అంది వెంటనే. "నిజంగా. అస్సలు తొందర లేదు."

అలా యాభై ఎనిమిది నిమిషాలు మాట్లాడుకున్నాం. అంత తెలివైన అమ్మాయి ముందు నా అజ్ఞానం బయటపడకుండా నెట్టుకొచ్చానని సాయంత్రం ఫెర్రీలో నది దాటుతూ నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ చుక్కలు ఎనిమిది అని కూడా తేలింది.

రెండో వారమూ అంతే. మా వైపు నుంచి ఇంకా పరిశీలిస్తున్నాం అన్నాను. పరిశీలన ముఖ్యం అంది. మూడో వారం ఆమె దాల్చినచెక్క బన్నులు రెండు తెచ్చింది. ఒకటి నా వైపు తోసి, తనది ముట్టుకోకుండా కూర్చుంది.

"మెల్కర్, ఒకటి అడుగుతాను. నవ్వకూడదు."

"నవ్వను."

"మాక్రిల్ అంటే ఏంటి?"

నేను నవ్వాను. మాటిచ్చి కూడా ఆపుకోలేకపోయాను. ఆమె మొహం స్వెట్టరు రంగులోకి వచ్చేసింది.

"నవ్వనన్నావు."

"నిన్ను చూసి కాదు. మూడు వారాలుగా నేనదే నిన్నడుగుదామని చస్తున్నాను."

"నీకు తెలీదా?"

"తెలీదు."

"మరి మీ వైపు నుంచి పరిశీలిస్తున్నామన్నావు?"

"మరి నువ్వు మా వైపు నుంచి వచ్చేదాని కోసం చూస్తున్నామన్నావు?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, బల్ల మీద తల పెట్టుకుని నవ్వాం. పక్కగది వాళ్ళు గోడ మీద మెల్లగా రెండుసార్లు తట్టారు. మా దగ్గర అది పోలీసుల్ని పిలవడానికి ఒక మెట్టు కింద.

మర్నాడు తూరెని అడిగాను. తూరె నా పక్క సీటు. ఇరవై ఏడేళ్ళుగా అదే కంపెనీలో, పద్నాలుగేళ్ళుగా అదే కుర్చీలో ఉన్నాడు.

"మాక్రిలా? అది చచ్చి రెండేళ్ళయింది కదయ్యా," అన్నాడు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

"మరి మీటింగు ఉందే?"

"రాగ్నార్ పెట్టింది. ఆయన రిటైరై ఓలండ్ దీవిలో గొర్రెలు కాసుకుంటున్నాడు. పెట్టినవాడే తియ్యాలి. ఆయన తియ్యకుండా పోయాడు. లోకం అంతమయ్యేదాకా అది అలా వస్తూనే ఉంటుంది." అప్పుడు నా వైపు తిరిగాడు. "దానికి వెళ్తున్నావా ఏంటి కొంపదీసి?"

"వెళ్తున్నాను. నేనూ, వెండేలా."

"వెండేలా ఎవరు?"

"రేవుల విభాగం. ఆ అమ్మాయి చాలా... సమయానికి వస్తుంది."

తూరె కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఓహో," అన్నాడు.

"ఓహో ఏంటి?"

"ఏం లేదు. మీటింగు మానకు."

బుధవారం వెండేలాకి విషయం చెప్పాను. బయట వాన జోరుగా పడుతోంది. ఆమె వేలితో కిటికీ అద్దం మీద ఒక చినుకు వెంబడి గీత గీసింది.

"అయితే ఇంక రానక్కర్లేదన్నమాట," అంది.

"అక్కర్లేదు."

ఆమె ల్యాప్‌టాప్ మూసింది. కానీ లేవలేదు.

"గది మాత్రం బుక్ అయి ఉంది," అన్నాను.

"అవును. బుక్ చేసిన గది వాడకుండా వదిలెయ్యడం బాధ్యత లేని పని."

"చాలా బాధ్యత లేని పని."

అలా మాక్రిల్ సమన్వయం యథాతథంగా కొనసాగింది. ఆ శరదృతువంతా వారంలో నాకు నూట అరవై ఏడు గంటలు వట్టినే గడిచేవి, ఒక్క గంట మాత్రం నేను బతికేవాణ్ణి. వెండేలా రేవులో పడవలు నడిపే తాతల గురించి చెప్పేది. తన మేనేజరు ఫోనులో "సరే సరే సరే" అనే తీరు అనుకరించి చూపించేది. నేను నా బటన్ గురించి చెప్పేవాణ్ణి. ఆ బటన్ కథ విని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వే మనిషి ప్రపంచంలో ఆమె ఒక్కతే. ఆమె నవ్వినప్పుడు ముక్కు ముడుచుకుని ఎనిమిది చుక్కలూ ఒకచోటికి చేరేవి. నాకు ఆమె అంటే ఇష్టమని నవంబరు నాటికి నాకే కాదు, తూరెకి, కింద కాఫీ అమ్మే ఆవిడకి కూడా తెలిసిపోయింది.

వెండేలాకి మాత్రం చెప్పలేదు. వింగా గది బయట ఆమెతో మాట్లాడే కారణం నాకు లేదు. కారణం లేకుండా ఒక మనిషిని పలకరించడం మా ఊరి పద్ధతి కాదు. ఒకరోజు ఫెర్రీలో కిటికీ వైపు తిరిగి మెల్లగా అభ్యాసం చేశాను. "వెండేలా, నాతో బయటికి వస్తావా?"

"వస్తాను కానీ, నా పేరు వెండేలా కాదు," అంది పక్కన కూర్చున్న ముసలావిడ.

అది జరిగిన వారానికి గునిలా నుంచి అందరికీ ఉత్తరం వచ్చింది. గునిలా మా భవనానికంతటికీ డైరెక్టరు. పొట్టి తెల్లజుట్టు, సైకిలు మీద వస్తుంది, అందరి పేర్లూ గుర్తుంటాయి. కంపెనీలో పనికిరాని మీటింగులు పెరిగిపోయాయనీ, ఈ నెలాఖరులోగా ఏం చర్చించారో రాసిన మినిట్స్ దాఖలు చేయని మీటింగులన్నీ తీసేస్తారనీ, మినిట్స్ ఒకరు రాస్తే ఇంకొకరు సరిచూసి సంతకం పెట్టాలనీ దాని సారాంశం.

బుధవారం వెండేలా వచ్చేసరికి ల్యాప్‌టాప్ తెరిచి సిద్ధంగా ఉన్నాను.

"మనం రాయాలా?" అంది.

"రాయకపోతే తీసేస్తారు."

ఆమె కోటు విప్పి, కుర్చీ నా పక్కకి జరుపుకుంది. అంత దగ్గర కూర్చోవడం అదే మొదటిసారి. మొదటి అంశం అన్న మాట మూడుసార్లు తప్పు కొట్టాను.

"గత వారం పరిస్థితి ఏంటి?" అడిగాను.

"నీకు జలుబు చేసింది."

"'అనుకోని అడ్డంకి వల్ల పని కొంత నెమ్మదించింది.'"

"బావుంది. తర్వాత నువ్వు బన్ను సగం తిని వదిలేశావు."

"దాన్నేమని రాస్తాం?"

"'అందుబాటులో ఉన్న వనరుల్ని పూర్తిగా వాడుకోలేకపోయాం,'" అంది తడుముకోకుండా. "ఆ కిటికీ సరిగా మూతపడట్లేదు, అదీ రాయి."

"'బయటి వాతావరణ ప్రభావాన్ని నిశితంగా గమనిస్తున్నాం.'"

"నిర్ణయం?"

"'ప్రస్తుతానికి ఏ నిర్ణయమూ తీసుకోకూడదని ఏకగ్రీవంగా నిర్ణయించడమైనది.'"

రాసినది మెల్కర్, సరిచూసినది వెండేలా అని కింద రెండు పేర్లూ పక్కపక్కన పడ్డాయి. ఆ కాగితం చూసుకుంటే పెళ్ళి పత్రికలా అనిపించింది. ఆ సంగతి పైకి అనలేదు.

జనవరి దాకా మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. జనవరి రెండో బుధవారం మాత్రం తలుపు తీసుకుని గునిలా లోపలికి వచ్చింది. ఆమె వెనకాల మరో ఎనిమిది మంది ఉన్నారు.

"మీ మినిట్స్ అన్నీ చదివాను," అంది గునిలా, కూర్చుంటూ. "ఈ భవనంలో సమయానికి మొదలై సమయానికి ముగిసి, ఒక్క గొడవా లేని ప్రాజెక్టు మీదొక్కటే. మిగతా విభాగాల వాళ్ళు కూడా ఇందులో ఉంటే మంచిదనిపించింది. ఎక్కడిదాకా వచ్చారు?"

నేను వెండేలా వైపు చూశాను. వెండేలా నా వైపు చూసింది.

"ముందుకే వెళ్తోంది," అన్నాను. "కాస్త నెమ్మదిగా."

ఎనిమిది తలలూ గంభీరంగా ఊగాయి. "మాక్రిల్ ఈసారి వేరేగా అనిపిస్తోంది," అన్నాడు గడ్డమాయన ఒకడు. "మేం మొదట్నించీ అదే అంటున్నాం," అంది లారీల విభాగం నుంచి వచ్చినావిడ. మాక్రిల్ అంటే ఏంటని ఒక్క మనిషీ అడగలేదు. ఎలా అడుగుతారు, నేను మాత్రం అడిగానా?

మరుసటి వారం వింగా చాలదని మార్‌స్ట్రాండ్ అనే పెద్ద గదికి మార్చారు. పొడుగాటి బల్ల. ఈ చివర నేను, ఆ చివర వెండేలా, మధ్యలో తొమ్మిది మంది. ఆమెతో గడిపే గంట నిలబెట్టుకోవడానికి నేను రాసిన మినిట్స్ ఆ గంటనే మింగేశాయి. బల్ల అవతలి కొస నుంచి ఆమె ఒకసారి నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది. దానితోనే ఆ వారమంతా నెట్టుకొచ్చాను.

అంతటితో ఆగినా బాగుండేది. మార్చి మొదటి బుధవారం గునిలా ఒక ప్రతిపాదన పెట్టింది.

"ఉత్తరాన లూలెయోలో మన సర్వర్లు ఉన్నచోట మాక్రిల్‌కి ఒక బాధ్యుడుండాలి. ఒక ఏడాది. వెండేలా అయితే బాగుంటుందని నా ఆలోచన. వెంటనే చెప్పక్కర్లేదు. వచ్చే బుధవారం అందరి అభిప్రాయం తీసుకుని తేల్చుకుందాం."

లూలెయో అంటే రాత్రంతా రైల్లో వెళ్తే తెల్లారాక వచ్చే ఊరు. చేతిలో కప్పు ఎక్కడ పెట్టానో తెలియలేదు. మీటింగు అయ్యాక వెండేలా కాఫీ యంత్రం దగ్గర నిలబడి ఉంది. వెళ్ళాను. అభ్యాసం చేసిన మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి.

"లూలెయోట," అంది ఆమె. యంత్రం మీద మీట నొక్కి, నా మొహంలోకి చూసింది.

"అవును. మంచి అవకాశం," అన్నాను.

"అంతేనా?"

"అక్కడ మంచు బాగుంటుంది."

"మంచు," అంది ఆమె.

"ఇక్కడి కన్నా పొడిగా ఉంటుందిట. కాళ్ళకి అంటుకోదు."

వెండేలా కొంతసేపు నన్నలాగే చూసింది. "సరే. అంత మంచి అవకాశమైతే వెళ్తాను. మాక్రిల్ అంటే ఏమీ లేదు కాబట్టి అక్కడ నాకు నచ్చింది చేసుకోవచ్చు. ఇంతకన్నా మంచి ఉద్యోగం ఎవరికి దొరుకుతుంది?" అని గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. ఆమె కాఫీ కప్పు అక్కడే నిండుగా ఉండిపోయింది.

సీటుకి వచ్చి తూరెకి జరిగింది చెప్పాను.

"మంచు బాగుంటుందన్నావా?" అన్నాడు.

"అన్నాను."

"కాళ్ళకి అంటుకోదన్నావా?"

"అదీ అన్నాను."

"ఇరవై ఏడేళ్ళలో ఈ కంపెనీలో చాలా పనికిమాలిన మాటలు విన్నాను. డైరెక్టర్లు మాట్లాడగా విన్నాను. ఇది వాటన్నిటినీ మించింది." కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "ఆ పిల్ల నీ నోట్లోంచి ఒక్క 'వద్దు' కోసం నిలబడిందయ్యా. నువ్వు వాతావరణ సూచన చదివి వచ్చావు."

ఆ వారంలో నాలుగుసార్లు నాలుగో అంతస్తుకి వెళ్ళాను. రెండుసార్లు ఆమె ఫోనులో ఉంది. మూడోసారి నన్ను చూసి ఫోను లేకుండానే ఫోను మాట్లాడుతున్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. నాలుగోసారి సీటు ఖాళీగా ఉంది. బల్ల మీద లూలెయో పటం పరిచి ఉంది. దాన్ని చూశాక నాకు నిజంగా భయం వేసింది. ఇప్పటిదాకా నాకు ఆమెని అడిగే ధైర్యం లేకపోవడం ఒక సమస్య. ఇక మీదట అడగడానికి ఆమే ఉండదు.

బుధవారం వచ్చింది. పెద్ద గదిలో పదకొండు మందిమి కూర్చున్నాం.

"బల్ల చుట్టూ ఒకసారి వద్దాం," అంది గునిలా. మా దగ్గర ఏ నిర్ణయమైనా అలాగే జరుగుతుంది. ప్రతి ఒక్కరూ తన వంతు వచ్చినప్పుడు ఏదో ఒకటి చెప్పాలి, చెప్పేది బాగుందనే చెప్పాలి.

"బాగానే అనిపిస్తోంది," అన్నాడు గడ్డమాయన.

"నాకూ బాగానే అనిపిస్తోంది," అంది లారీల ఆవిడ.

బాగానే అనిపిస్తోంది, బాగానే అనిపిస్తోంది అనుకుంటూ వంతు బల్ల వెంట వస్తోంది. ఏదో రైలు స్టేషన్లన్నీ దాటుకుంటూ నా మీదికి వస్తున్నట్టుంది. వెండేలా దగ్గరికి వచ్చింది.

"నేను చివర చెప్తాను," అంది ఆమె, నా వైపు చూడకుండా. "ముందు మెల్కర్ చెప్పనీ."

అందరూ నా వైపు తిరిగారు. నేను లేచి నిలబడ్డాను. మీటింగుల్లో ఎవరూ లేవరు కాబట్టి, నాకేమైనా ఒంట్లో బాగోలేదేమోనని పక్కనున్నావిడ నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది.

"నాకు అభ్యంతరం ఉంది," అన్నాను.

ఎవరో చెంచా కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"చిన్నదా, పెద్దదా?" అడిగింది గునిలా, కలం తీసుకుంటూ.

"మాక్రిల్ అనేది లేదు. అది పెద్దదే అనుకుంటాను."

"లేదంటే?"

"చచ్చిపోయి రెండేళ్ళయింది. మీటింగు మాత్రం మిగిలిపోయింది. ఆ మినిట్స్ అన్నీ నేను కల్పించి రాశాను. అడ్డంకి అంటే నా జలుబు. వనరులు అంటే బన్ను. వెండేలా సంతకం పెట్టడం తప్ప ఏం చెయ్యలేదు, ఆమెనేం అనకండి."

"ఎందుకు రాశావు మెల్కర్?" అంది గునిలా. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మీటింగు తీసేస్తే ఆమెని చూడ్డానికి నాకు ఇంకో కారణం లేదు." ఇక్కడిదాకా వచ్చాక ఆగడానికి చోటు కనిపించలేదు. "నాకు ఆమె అంటే ఇష్టం. ఆరు నెలల నుంచీ. చెప్పే ధైర్యం లేక వారం వారం మినిట్స్ రాశాను. లూలెయో మంచి అవకాశమన్నది అబద్ధం. మంచు సంగతి కూడా నాకేం తెలీదు, నేనెప్పుడూ అక్కడికి వెళ్ళలేదు. ఆమె వెళ్ళడం నాకు ఇష్టం లేదు. అదీ నా అభ్యంతరం."

కూర్చున్నాను. గదిలో పెద్ద నిశ్శబ్దం. మేం నిశ్శబ్దానికి అలవాటుపడ్డ జనమే, కానీ అది మాకు కూడా ఎక్కువే అయింది.

"అంటే, నిజంగా ఏమీ లేదా?" అన్నాడు చివరికి గడ్డమాయన.

"ఏమీ లేదు."

"హమ్మయ్య." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నాకొక్కడికే అర్థం కావడం లేదేమో, ఇంక వయసైపోయిందేమో అని రెండు నెలలుగా ఇంట్లో కూడా ఎవరితో చెప్పుకోలేదు."

"నేనూ అంతే," అంది లారీల ఆవిడ. "మా విభాగంలో దీని మీద నలుగురిని పెట్టాను. వాళ్ళేం చేస్తున్నారో వాళ్ళని అడగాలి."

గునిలా కలం మూత పెట్టింది. "నేను పైవాళ్ళెవరో మళ్ళీ మొదలుపెట్టారనుకున్నాను. అడిగితే బాగోదని ఊరుకున్నాను." ఆమె పెదవులు వంకర తిరిగాయి. నవ్వాపుకుంటోందని అర్థమైంది. "సరే, ముందు ఈ మీటింగు తీసేద్దాం."

డైరెక్టరుకి ఏ మీటింగునైనా తీసేసే అధికారం ఉంటుంది. ఆహ్వానం మా అందరికీ "మాక్రిల్ బృందం" అనే పేరుతోనే కనిపించేది. గునిలా ఆ బృందాన్ని తెరిస్తే లోపలి పేర్లు గోడ మీది పెద్ద తెర మీద కనిపించాయి. పాత పేర్లు నాలుగే. రాగ్నార్, వెళ్ళిపోయిన మరో ఇద్దరు, నేను. ఆ కింద, జనవరిలో గునిలా తనతో కలిపి చేర్చిన తొమ్మిది మంది.

ఆ జాబితాలో ఎక్కడా వెండేలా లేదు.

గునిలా జాబితా పైకీ కిందికీ రెండుసార్లు జరిపింది. "వెండేలా, నిన్నసలు ఈ మీటింగుకి ఎవరూ పిలవలేదే?"

"లేదు," అంది వెండేలా. ఈసారి ఆమె స్వెట్టరు బూడిదరంగుది. మొహం మాత్రం ఎర్రగానే ఉంది.

"మరెలా వచ్చావు?"

"ఆ రోజు మా అంతస్తులో గోడలకి రంధ్రాలు వేస్తున్నారు. ఒకటే గోల. వింగా గది బుక్ అయి ఉంటుంది కానీ ఎవరూ రారని మా వాళ్ళందరికీ తెలుసు. ప్రశాంతంగా పని చేసుకుందామని వచ్చి కూర్చున్నాను. ఇంతలో ఇతను తలుపు తీశాడు." నా వైపు చెయ్యి చూపించింది. "వేరేవాళ్ళు బుక్ చేసుకున్న గదిలో కూర్చుని దొరికిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. ముందు నేనే దబాయిస్తే నయమనిపించింది. తలుపు పక్క బోర్డు మీద పేరూ సమయమూ ఉన్నాయి, మీటింగు మొదలుపెట్టేశాను."

వేరేవాళ్ళు బుక్ చేసుకున్న గదిలో దొరికిపోవడం ఎంత ఘోరమో అక్కడ ప్రతి ఒక్కరికీ తెలుసు.

"సరే, అది మొదటి వారం," అంది గునిలా. "రెండో వారం?"

"రెండో వారానికి మా అంతస్తులో పని అయిపోయింది. గోల లేదు." వెండేలా చేతులు బల్ల మీద పెట్టుకుని వాటినే చూసుకుంటూ చెప్పింది. "అయినా వచ్చాను. తర్వాత ప్రతి వారం వచ్చాను."

నేను తెర మీది జాబితా మళ్ళీ చదివాను.

"లూలెయో సంగతి?" అడిగింది గునిలా.

"ఇతను వద్దంటాడేమోనని వారం రోజులు చూశాను. అనకపోతే వెళ్ళిపోదామనుకున్నాను, ఇక్కడుండి ప్రతి బుధవారం ఏడవడం దేనికని. నాకూ అభ్యంతరం ఉంది గునిలా. పెద్దదే."

గునిలా తల ఊపి, బటన్ నొక్కింది. మాక్రిల్ సమన్వయం తెర మీంచి మాయమైంది. ఆమె లేచి కుర్చీ సర్దింది.

"తప్పుడు మినిట్స్ రాసినందుకు శుక్రవారం కాఫీకి మీరిద్దరూ ఇంట్లో కేకు చేసి తేవాలి. అంతస్తు మొత్తానికి. కొన్నది తెస్తే ఊరుకోను," అంది. తర్వాత మిగతావాళ్ళ వైపు తిరిగింది. "మూడింటిదాకా గది ఈ మీటింగు పేరు మీదే ఉంది. కానీ మనందరికీ వేరే పనులున్నాయనుకుంటాను."

ఎవరికీ వేరే పని లేదు. ఉండాలని ఉంది పాపం వాళ్ళకి. అయినా ఒక్కొక్కరే లేచి, కప్పులు తీసుకుని, మా ఇద్దరినీ చూడనట్టు నటిస్తూ బయటికి నడిచారు. గడ్డమాయన వెళ్తూ వెళ్తూ నా భుజం ఒకసారి గట్టిగా నొక్కాడు. తలుపు మూసుకుంది.

పొడుగాటి బల్లకి ఈ చివర నేను, ఆ చివర వెండేలా మిగిలాం.

"దగ్గరికి రా," అంది.

వెళ్ళాను. ఆమె పక్క కుర్చీ లాగింది. కూర్చున్నాను.

ఆమె తన కుర్చీ కూడా నా వైపు తిప్పుకుంది.

"నిన్నెవరూ పిలవకుండానే వచ్చావా, ప్రతి వారం?" అడిగాను.

"వచ్చాను. నువ్వు కనుక్కుంటావేమోనని భయంగా ఉండేది. తర్వాత కనుక్కుంటే బాగుండునని ఉండేది. నీకేమో బటన్ గోల తప్ప ఇంకోటి పట్టదు."

"నాకు ఒక్క మాట చెప్తే పోయేదిగా."

"నేనెందుకు చెప్పాలి? గదికి ఆలస్యంగా వచ్చింది నువ్వు." అని నవ్వబోయి, ఆపుకుంది. "మెల్కర్, ఇందాక గునిలాకి చెప్పావు నీకు ఎవరంటే ఇష్టమో. ఆ గడ్డమాయనకి చెప్పావు. లారీల వాళ్ళకి చెప్పావు. నాకు మాత్రం చెప్పలేదు ఇంకా."

నిజమే. ఆరు నెలలుగా నేను చెప్పాలనుకున్నది ఆమెకి తప్ప భవనంలో అందరికీ చెప్పేశాను. ఈసారి కిటికీ వైపు చూడలేదు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం వెండేలా. నువ్వు ఎక్కడికీ వెళ్ళద్దు."

"నాకూ నువ్వంటే చాలా ఇష్టం," అంది. "వెళ్ళను."

ఆమె చెయ్యి నా చేతిలోకి వచ్చింది. ఎవరు ముందు వంగారో మినిట్స్‌లో లేదు కాబట్టి నేను చెప్పలేను. బయట వాన దాని మానాన అది పడుతోంది. మూడు గంటలైంది. ఆ గది తర్వాత బుక్ చేసుకున్నవాళ్ళు వచ్చి తలుపు మీద మెల్లగా తట్టారు. అలాంటప్పుడు మా ఊళ్ళో ఎంత పెద్ద పని మధ్యలో ఉన్నా క్షమించమని చెప్పి వెంటనే లేచి వెళ్ళిపోతారు.

మేం లేవలేదు.